హారిసన్ గడియారానికి బోర్డు వేసిన కొర్రీలు

1764 మే 13న టార్టర్ అనే బ్రిటిష్ యుద్ధనౌక బార్బడోస్ దీవికి చేరింది. 46 రోజులు అట్లాంటిక్ అలల మీద ఊగిసలాడాక కూడా అందులోని ఒక గడియారం, ఓడ ఎక్కడుందో 10 నాటికల్ మైళ్ల లోపు తేడాతో చెప్పింది. సముద్రం మీద రేఖాంశం తేల్చే పద్ధతికి బహుమతి పెట్టిన బ్రిటిష్ చట్టం అడిగింది 30 మైళ్ల లోపు. ఆ లెక్కన రావలసిన బహుమతి 20,000 పౌండ్లు. గడియారం చేసిన జాన్ హారిసన్‌కు అప్పుడు 71 ఏళ్లు. సొమ్ము వ్యవహారం ఒక కొలిక్కి వచ్చేసరికి 80 వచ్చాయి. అదీ బహుమతి ఇవ్వాల్సిన బోర్డు ద్వారా కాదు, పార్లమెంటు కలగజేసుకుంటే.

ఈ వ్యవహారాన్ని సాధారణంగా పల్లెటూరి వడ్రంగికీ, అతని పొట్ట కొట్టిన ఖగోళ పండితులకూ నడుమ జరిగిన పోరుగా చెబుతుంటారు. అందులో నిజం సగమే. బోర్డు వేసిన కొర్రీల్లో కొన్ని నికార్సయినవి. కొన్ని మాత్రం ఆట అయ్యాక రూలు మార్చడం. ఏవి ఎటువంటివో విడదీయాలంటే ముందు లెక్కలోకి దిగాలి.

నాలుగు నిమిషాలకో డిగ్రీ

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. విశాఖపట్నంలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన దాదాపు 19 నిమిషాలకు గానీ హైదరాబాదులో రాడు. రెండు ఊళ్ల రేఖాంశాలకు తేడా సుమారు 4.8 డిగ్రీలు. పంచాంగకర్తలు చేసే దేశాంతర సంస్కారం ఈ తేడా కోసమే. కాకినాడ పక్కనుంచి వెళ్లే 82.5 డిగ్రీల రేఖను నాలుగుతో హెచ్చిస్తే 330 నిమిషాలు. మన గడియారాలు గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుండటానికి మూలం ఈ గుణకారం.

కాబట్టి సముద్రం మధ్యలో రేఖాంశం కావాలంటే ఒకే క్షణాన రెండు టైములు తెలియాలి: ఓడ ఉన్నచోటి టైము, బయల్దేరిన రేవు టైము. మొదటిది సూర్యుడు చెబుతాడు. అయితే సరిగ్గా మధ్యాహ్నం చూస్తే పని జరగదు. నడినెత్తిన సూర్యుడు కొన్ని నిమిషాల పాటు పైకీ కిందికీ కదలనట్టే కనిపిస్తాడు, శిఖరం ఏ క్షణమో పట్టుకోలేం. అందుకే నావికులు పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలకో, సాయంత్రం మూడు నాలుగు గంటలకో, సూర్యుడు గబగబా ఎక్కుతున్నప్పుడో దిగుతున్నప్పుడో ఎత్తు కొలిచి, అక్షాంశం సాయంతో టైము కడతారు. అప్పుడొచ్చేది సూర్యుడి టైము. గడియారం నడిచేది సగటు టైము మీద. నవంబరు మొదట్లో ఈ రెంటికీ 16 నిమిషాలకు పైగా తేడా ఉంటుంది. ఆ సవరణ మరిచిపోతే 4 డిగ్రీలు గల్లంతు, అంటే భూమధ్యరేఖ దగ్గర 240 మైళ్లు.

చిక్కంతా రెండో టైముతోనే. చంద్రగ్రహణం రెండు చోట్ల ఏ వేళకు కనపడిందో పోల్చి రేఖాంశ భేదం కట్టే పద్ధతి సూర్యసిద్ధాంతంలోనే ఉంది. కానీ గ్రహణం కోసం ఓడ ఆరునెలలు ఆగదు. గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులకు పట్టే గ్రహణాలు చాలా తరచు. నేల మీద అది బ్రహ్మాండమైన పద్ధతి. మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని అక్కడి ఖగోళవేత్త గోల్డింగ్‌హామ్ అలాగే తేల్చాడు. ఊగే ఓడ మీద మాత్రం పొడవాటి టెలిస్కోపును గురుడి మీద నిలపడం అయ్యే పని కాదు.

చట్టం అడిగిందేమిటి

1707 అక్టోబరులో అడ్మిరల్ షోవెల్ దండులోని నాలుగు ఓడలు సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుని మునిగిపోయాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం మూడు మెట్లు పెట్టింది: డిగ్రీ లోపు తేడాతో రేఖాంశం చెబితే 10,000 పౌండ్లు, డిగ్రీలో మూడింట రెండు వంతుల లోపు అయితే 15,000, అర డిగ్రీ లోపు అయితే 20,000. పరీక్ష వెస్టిండీస్ రేవుకు ప్రయాణం. పద్ధతి సముద్రం మీద ఆచరణ సాధ్యమూ ఉపయోగకరమూ అని తేలాలన్నది షరతు. తరవాతి పేచీ అంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరిగింది.

తేల్చాల్సిన బోర్డులో నౌకాదళ పెద్దలు, పార్లమెంటు స్పీకర్, రాయల్ సొసైటీ అధ్యక్షుడు, ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జి గణిత ఆచార్యులు, ఆస్థాన ఖగోళవేత్త ఉన్నారు. ఒక్క గడియారాల మేస్త్రీ లేడు.

అర డిగ్రీ అంటే టైములో 2 నిమిషాలు. ఆరు వారాల ప్రయాణానికి పంచితే రోజుకు 3 సెకన్ల లోపు. ఆ రోజుల్లో మంచి జేబు గడియారం కూడా రోజుకు నిమిషం దాకా అటూ ఇటూ అయ్యేది. ఓడ ఊపు, ఎండా చలీ, తేమ, చోటును బట్టి మారే గురుత్వం తట్టుకునే గడియారం ఇంకా తయారు కాలేదని న్యూటన్ పార్లమెంటు కమిటీకి చెప్పాడు. పండితుల చూపు అప్పటినుంచీ ఆకాశం వైపే ఉంది.

ఆకాశంలో వాళ్లకు దొరికిన గడియారపు ముల్లు చంద్రుడు. నక్షత్రాల మధ్య చంద్రుడు గంటకు సుమారు తన వెడల్పంత దూరం జరుగుతాడు. చంద్రుడికీ ఒక నక్షత్రానికీ మధ్య కోణం కొలిచి, ఆ కోణం గ్రీనిచ్‌లో ఎన్ని గంటలకు వస్తుందో పట్టికలో చూస్తే రెండో టైము దొరుకుతుంది. ఖర్చు తక్కువ, కానీ చంద్రుడి నడక మందం. కోణంలో ఒక్క కళ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తప్పితే టైములో 2 నిమిషాలు, రేఖాంశంలో అర డిగ్రీ పోతాయి. పైగా కోణంతో పాటు చంద్రుడి ఎత్తు, నక్షత్రం ఎత్తు కూడా అదే క్షణాన కొలవాలి. వాటితో గాలి వల్ల వంగిన వెలుగుకు ఒక సవరణ, మనం భూమి నడిమధ్యన కాక ఉపరితలం మీద ఉన్నందుకు ఇంకో సవరణ చెయ్యాలి. ఈ రెండోది డిగ్రీ దాకా ఉంటుంది. మొదట్లో ఒక్క లెక్కకు నాలుగు గంటలు పట్టేది. అమావాస్యకు అటూ ఇటూ కొన్ని రోజులు చంద్రుడే దొరకడు.

వడ్రంగి తెచ్చినది

హారిసన్ లింకన్‌షైర్‌లోని బారో గ్రామంలో పెరిగిన వడ్రంగి. అతని తొలి గడియారాల చక్రాలు చెక్కవి. నూనె చిక్కబడితే గడియారం తప్పుతుందని గ్రహించి, తనలోంచే జిడ్డు ఊరే లిగ్నమ్ వైటీ కలపను ఇరుసుల దగ్గర వాడాడు. అసలు నూనే అక్కర్లేకుండా పోయింది. వేడికి లోలకం పొడవు పెరగకుండా ఇత్తడి, ఉక్కు కడ్డీలను పక్కపక్కన అమర్చి, ఒకదాని సాగుడును ఇంకొకదానితో కొట్టేయించాడు.

సముద్రానికి చేసిన మొదటి యంత్రం హెచ్-1 బరువు 34 కిలోలు. 1736లో లిస్బన్ వెళ్లి వచ్చింది. తిరుగు ప్రయాణంలో కనిపించిన ఇంగ్లండు కొన స్టార్ట్ అని ఓడ అధికారులు అనుకుంటే, కాదు లిజర్డ్ అని హారిసన్ చెప్పాడు, అదే నిజమైంది. 1737లో బోర్డు మొట్టమొదటిసారి సమావేశమైంది ఇతని కోసమే. బహుమతి అడగకుండా, దీనిలో లోపాలున్నాయి, ఇంకోటి చేస్తానని 500 పౌండ్ల సాయం అడిగిన మనిషి హారిసన్. హెచ్-2ను కడలికి పంపకుండా తనే పక్కన పెట్టేశాడు. హెచ్-3 మీద 19 ఏళ్లు పోశాడు. ఇప్పటి బేరింగులకూ, థర్మోస్టాట్లలోని జంటలోహపు పట్టీకీ మూలపురుషులు దాంట్లో ఉన్నారు. గడియారంగా మాత్రం అది అతను కోరినంత బాగా నడవలేదు.

తరవాత వచ్చింది హెచ్-4. వెడల్పు 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర లోపు. పెద్ద జేబు గడియారంలా ఉంటుంది. దాని కిటుకు ఏమిటంటే, ఓడ ఊపుకు కొన్ని సెకన్లు పడుతుంది. అటూ ఇటూ ఊగుతూ టైము కొలిచే బ్యాలెన్స్ చక్రం అంత నెమ్మదిగా ఊగితే ఓడ దాన్ని చెడగొడుతుంది. సెకనుకు 5 టిక్కులతో, పెద్ద చక్రంతో, విసురుగా ఊగితే ఓడ కుదుపు దానికి ఆనదు. మెయిన్ స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు ఒక బలం, సడలినప్పుడు ఒక బలం ఇస్తుంది కాబట్టి, మధ్యలో ఇంకో చిన్న స్ప్రింగు పెట్టి దానికి ఏడున్నర సెకన్లకోసారి గడియారమే కీ ఇచ్చుకునేలా చేశాడు. బ్యాలెన్స్ ఇరుసు మీద, చక్రపు పళ్లు వచ్చి తగిలే పలకలను వజ్రంతో చేశాడు. మనం కీ ఇస్తున్నంతసేపూ కూడా ఆగకుండా నడిచే ఏర్పాటు ఉంది. ముప్పై గంటలకు సరిపడా కీ పట్టే దీన్ని ఓడలో పెట్టెలో మెత్త మీద పడుకోబెట్టి, రోజూ వేళకు కీ ఇచ్చేవాళ్లు.

5 సెకన్లా, 3 నిమిషాలా

1761 నవంబరు 18న హారిసన్ కొడుకు విలియం హెచ్-4తో డెప్ట్‌ఫర్డ్ ఓడలో జమైకాకు బయల్దేరాడు. తొమ్మిది రోజులకు ఓడ లెక్క ప్రకారం తాము 13 డిగ్రీల 50 కళల పడమర ఉన్నామన్నారు. గడియారం 15 డిగ్రీల 19 కళలు అంది. కెప్టెన్ డిగ్స్ తన లెక్క మీద ఒకటికి ఐదు పందెం కాశాడు. దారి మార్చొద్దని విలియం పట్టుబట్టాడు. తెల్లారేసరికి మదీరా పక్కనున్న పోర్టో శాంటో దీవి కళ్లెదుట ఉంది. ఓడలో బీరు నిండుకుని దాహంతో ఉన్న నావికులకు గడియారం మీద నమ్మకం కుదరడానికి అంతకంటే ఏం కావాలి?

జమైకాలో లెక్క చూస్తే 81 రోజులకు తేడా 5.1 సెకన్లు. మైలున్నర లోపు. ఇక్కడే అసలు మెలిక ఉంది. ముల్లు చూపిన టైముకూ అసలు టైముకూ ఉన్న తేడా నిజానికి మూడున్నర నిమిషాల పైచిలుకు. అందులోంచి గడియారం రోజూ వెనకబడే 2⅔ సెకన్లను 81 రోజులకు లెక్కగట్టి తీసేస్తే మిగిలింది ఆ 5 సెకన్లు.

ఇది మోసం కాదు. గడియారాల వాళ్లు దీన్ని రేటు అంటారు. ఏ గడియారమూ కచ్చితంగా నడవదు. రోజుకు 3 సెకన్లు తప్పడం లోపం కాదు. ఇవాళ 3, రేపు 1, ఎల్లుండి 6 తప్పడం లోపం. తప్పయినా ఒకే తీరుగా తప్పితే ఓడలో కూర్చుని తీసేసుకోవచ్చు. కానీ రేటు ఎంతో ప్రయాణానికి ముందే రాసి ఇవ్వాలి. చేరాక చెబితే, జవాబు చూసి లెక్క చేసినట్టవుతుంది. హారిసన్లు ముందుగా బోర్డుకు ఆ అంకె రాసివ్వలేదు. రేటు తీయకపోతే తేడా డిగ్రీకి కాస్త తక్కువ: 20,000 మెట్టు నుంచి 10,000 మెట్టుకు జారుడు. దానికి తోడు జమైకా రేఖాంశమే అంత కచ్చితంగా తెలియదన్నారు. గడియారాన్ని కొలవాల్సిన బద్ద కంటే గడియారమే మేలైనదైతే పరీక్ష ఎలా చేస్తాం? ఈ రెండు కొర్రీలూ న్యాయమైనవే అంటాను. మళ్లీ పరీక్ష పెట్టమనడంలో తప్పు లేదు.

రెండో పరీక్షలో ఏ సందూ వదల్లేదు. గడియారం రోజుకు 1 సెకను ముందుకు పోతుందని విలియం బయల్దేరకముందే ప్రకటించాడు. బార్బడోస్ రేఖాంశం గురుడి చంద్రులతో తేల్చడానికి నెవిల్ మాస్కెలిన్, చార్లెస్ గ్రీన్ ముందే అక్కడికి వెళ్లారు. మాస్కెలిన్ చంద్రుడి పద్ధతికి వకాల్తా పుచ్చుకున్నవాడు, దాని మీద పుస్తకం రాసినవాడు. పోటీదారు తూకం వేయడమేమిటని విలియం అడ్డం తిరిగాడు. చివరికి ఇద్దరూ వంతులవారీగా చూసేట్టు రాజీ కుదిరింది. గడియారం తేడా 39 సెకన్లు, అంటే 10 కళల లోపు.

పరీక్ష పాసయ్యాక సిలబస్ మార్పు

1765 ఫిబ్రవరి 9న బోర్డు కూర్చుంది. ఈలోగా ఆస్థాన ఖగోళవేత్త చనిపోయి, ఆ కుర్చీలోకి మాస్కెలిన్ వచ్చాడు. ఆ హోదాతో బోర్డు సభ్యుడూ అయ్యాడు. గడియారం చట్టం అడిగిన దానికంటే బాగా నడిచిందని బోర్డు ఒప్పుకుంది. కానీ ఉన్నది ఒక్క గడియారం, చేయడం తెలిసింది ఒక్క ముసలాయనకు, ఆయన పోతే? ఇది పద్ధతి ఎలా అవుతుంది? ఆచరణ సాధ్యం, ఉపయోగకరం అన్న మాటలకు అర్థం వేరేవాళ్లూ చేయగలగాలనే కదా?

ప్రశ్న సరైనదే. వందల ఓడలున్న దేశానికి ఒక్క గడియారంతో ఒరిగేదేమీ లేదు. అయితే ఆ అర్థం 1714 చట్టంలో విడమరిచి లేదు, రెండో ప్రయాణానికి ముందు షరతుగా ఖరారు చేయనూ లేదు. అందుకే కొత్త చట్టం తెచ్చుకోవలసి వచ్చింది. 1765 చట్టం ప్రకారం: గుట్టంతా విప్పి, నాలుగు గడియారాలూ అప్పగిస్తే బహుమతిలో సగం; అటువంటి గడియారాలు ఇంకా తయారై పాసయితే మిగతా సగం. అదే ఏడాది చంద్రుడి పట్టికలు కట్టిన జర్మన్ ఖగోళవేత్త మేయర్ భార్యకు 3,000 పౌండ్లు, గణితం సమకూర్చిన ఆయిలర్‌కు 300 మంజూరయ్యాయి.

ఆగస్టులో హారిసన్ తన ఇంట్లో ఆరుగురు నిపుణుల ముందు, మాస్కెలిన్ సమక్షంలో, హెచ్-4ను మర మర విప్పి చూపాడు. అక్టోబరులో, అంతకుముందు ఇచ్చిన 2,500 మినహాయించుకుని, 7,500 పౌండ్లు చేతికొచ్చాయి.

1766 మేలో మాస్కెలిన్ వచ్చి మిగతా యంత్రాలు తరలిస్తుండగా హెచ్-1 పనివాళ్ల చేతుల్లోంచి జారిపడింది. హెచ్-4ను గ్రీనిచ్‌లో రెండు తాళాల పెట్టెలో పెట్టి, 1767 మార్చి దాకా పది నెలలు పరీక్షించారు. ఒక దశలో అది రోజుకు 20 సెకన్ల దాకా ముందుకు పోయింది. ఆరు వారాల వెస్టిండీస్ ప్రయాణంలో డిగ్రీ లోపు రేఖాంశానికి కూడా దీన్ని నమ్ముకోలేమని మాస్కెలిన్ తేల్చాడు. సముద్రం మీద రెండుసార్లు నెగ్గిన వస్తువు కదలని గదిలో ఎలా ఓడింది? హారిసన్ జవాబు: విప్పి బిగించాక దాని రేటు మళ్లీ సరిచేయలేదు, కిటికీ ఎండలో పెట్టారు. మాస్కెలిన్ దాన్ని నిలబెట్టి, బోర్లించి కూడా చూశాడు. అది మెత్త మీద పడుకునేందుకు చేసిన గడియారం. నన్నడిగితే ఆ నివేదికలోని అంకెలు అబద్ధం అనను. విప్పిన గడియారాన్ని సర్దకుండా పరీక్షకు పెట్టడం దగ్గరే తప్పు జరిగింది. ఎదుటి పద్ధతివాడే పరీక్షాధికారి కావడంతో ఆ అంకెల్ని నమ్మేవాడు కూడా వంకగానే చూశాడు.

కెండాల్ నకలు

విప్పినప్పుడు చూసిన ఆరుగురిలో లార్కమ్ కెండాల్ ఒకడు. అతని చేత బోర్డే ఒక నకలు చేయించింది. కే-1 అనే ఆ గడియారం 1770 నాటికి సిద్ధమైంది, ఖరీదు 450 పౌండ్లు. వేరేవాడు చేయగలడా అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఏముంటుంది? కానీ బోర్డు దాన్ని హారిసన్ ఖాతాలో వేయలేదు. హారిసనే తన చేత్తో మరో రెండు చేయాలంది. పరాయివాళ్లు చేయగలగాలన్న షరతు, ఏడు పదులు దాటిన ముసలాయనే మళ్లీ చేయాలన్న షరతుగా మారింది. చూసి చేసుకోవడానికి హెచ్-4ను తిరిగి ఇవ్వనూ లేదు. నా లెక్కలో బోర్డు సమర్థించుకోలేని చోటు ఇదే.

తండ్రీకొడుకులు ఎలాగో హెచ్-5 పూర్తి చేసి, 1772లో మూడో జార్జి రాజును ఆశ్రయించారు. రాజు తన సొంత అబ్జర్వేటరీలో పెట్టించాడు. మొదటి రోజుల్లో గడియారం పిచ్చిగా నడిచింది. పక్క బీరువాలో అయస్కాంతపు రాళ్లున్నాయని తర్వాత తట్టిందట. అవి తీసేశాక పది వారాల్లో తేడా రోజుకు సగటున సెకనులో మూడో వంతు. మాది కాని పరీక్ష మాకు చెల్లదంది బోర్డు. దాంతో హారిసన్ నేరుగా పార్లమెంటుకు వెళ్లాడు. 1773 జూన్‌లో 8,750 పౌండ్లు ఇచ్చారు. 1737 నుంచి అందిన సాయాలతో కలిపి మొత్తం 23,065 పౌండ్లు. అంకె చూస్తే బహుమతి కంటే ఎక్కువే, కానీ నువ్వు గెలిచావన్న మాట మాత్రం బోర్డు నోట రాలేదు. 1774లో వచ్చిన కొత్త చట్టం పెద్ద బహుమతిని 10,000కు కోసి, ప్రతి గడియారానికీ జత ఇవ్వాలని, ఏడాది గ్రీనిచ్‌లో నడవాలని, బ్రిటన్ చుట్టూ రెండుసార్లు తిరగాలని రాసింది.

ఆ రోజుల్లోనే కే-1 కెప్టెన్ కుక్ ఓడలో అంటార్కిటికా మంచు అంచుల దాకా వెళ్లింది. 1772 నుంచి 1775 దాకా సాగిన ఆ ప్రయాణంలో, అదే ఓడల్లో వెళ్లిన, ఆర్నాల్డ్ అనే మేస్త్రీ చేసిన గడియారాలు మొరాయించాయి. కే-1 మాత్రం ఎండా మంచూ తట్టుకుని నడిచింది. ఇంత నమ్మకంగా నడుస్తుందని దాని అభిమానులు కూడా అనుకుని ఉండరని కుక్ నౌకాదళానికి రాశాడు. అలాగని చంద్రుడి పద్ధతిని అతను వదల్లేదు. గడియారం రేటు మారిందో లేదో పట్టుకోవడానికి చంద్రుడే సాక్షి. ఆగిపోతే మళ్లీ సర్దుకోవడానికీ అతనే దిక్కు.

ధర మాత్రం చాలాకాలం దిగలేదు. ఖరీదు తగ్గించడానికి కెండాల్ కే-2లో ఆ కీ ఇచ్చుకునే చిన్న స్ప్రింగు తీసేసి 200 పౌండ్లకు చేశాడు, కే-3ని 100కు. రెండూ కే-1 సాటికి రాలేదు. హారిసన్ అమరికను నకలు చేయడం మాని, ఆర్నాల్డ్, ఎర్న్‌షా అనే మేస్త్రీలు వేరే తేలికైన ఎస్కేప్‌మెంటు (చక్రాల నడకను టిక్కు టిక్కుగా వదిలే అమరిక) పట్టుకున్నాకే వర్క్‌షాపుల్లో డజన్ల లెక్కన క్రోనోమీటర్లు, అంటే ఈ సముద్రపు గడియారాలు, తయారయ్యాయి. 1831లో బీగిల్ ఓడ బయల్దేరినప్పుడు అందులో 22 క్రోనోమీటర్లున్నాయి. ఒక్కటే ఉంటే అది తప్పినా తెలియదు, రెండుంటే ఏది తప్పిందో తెలియదు, మూడో దాంతో గానీ పంచాయతీ తేలదు.